ఆరు సెకన్ల డాక్టరమ్మ

మొన్న రోహిణి కార్తెలో ఒక సోమవారం. మా చర్మవ్యాధుల ఓపీలో ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటే గానీ గాలి లేదు. గుంటూరు ఎండకి మిర్చి కంటే తామరే బాగా పండుతుందని మాలో మాకొక పాత జోకు. సత్తెనపల్లి వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకాయన లుంగీ ముడి కాస్త కిందికి జరిపి నడుం మీద మచ్చ చూపించాడు. రెండో సంవత్సరం పీజీ అమ్మాయి వంగి చూసి, "ఎగ్జిమా మేడమ్" అంది. అని ఊరుకోలేదు, ఓపీ చీటీ మీద స్టిరాయిడ్ క్రీము రాయడం మొదలుపెట్టింది.

అది తామర, ఫంగస్ వల్ల వచ్చేది. కాకపోతే మారువేషంలో ఉన్న తామర. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు ఇచ్చిన ట్యూబేదో నెలన్నరపాటు పూశాడట. అలాంటి ట్యూబుల్లో స్టిరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ అన్నీ కలిపేసి ఉంటాయి. స్టిరాయిడ్ వల్ల ఎరుపు తగ్గుతుంది, పొలుసు తగ్గుతుంది, దురద కూడా నాలుగు రోజులు ఊరుకుంటుంది. ఫంగస్ మాత్రం లోపల్లోపల హాయిగా పాకుతూనే ఉంటుంది. పుస్తకంలో బొమ్మలా గుండ్రటి అంచు, మానినట్టున్న మధ్యభాగం ఇక కనిపించవు. మేము టీనియా ఇన్‌కాగ్నిటో అంటాం. దాని మీద మళ్లీ స్టిరాయిడ్ రాయడమంటే దొంగకి తాళంచెవి చేతికివ్వడమే. 2018లో కేంద్రం చాలా స్టిరాయిడ్ క్రీముల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, చీటీ లేకుండా అమ్మకూడదంది. ఏ సెంటర్లోనైనా మందుల షాపు ముందు పది నిమిషాలు నిలబడండి, అది ఎంతవరకు అమలవుతోందో తెలుస్తుంది. సరే, అది వేరే కథ.

నాకు కోపమొచ్చింది. పేషెంటు ముందే, "ఇన్నాళ్లూ ఏం చూశావమ్మా?" అనేశాను. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం వార్డు రౌండ్లయ్యాక టీ దగ్గర మెల్లగా అంది: "మేడమ్, మీరు చూడగానే పేరు చెప్పేస్తారు. నేను ఆ పేరు రాసుకుంటాను. మీరు ఏం చూసి చెప్పారో మాత్రం నాకు తెలీదు."

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఓపీలో ఫోన్లో టైమర్ పెట్టుకున్నాను. పేషెంటు మచ్చ చూపించినప్పటి నుంచి నా నోటి నుంచి జబ్బు పేరు వచ్చేదాకా ఎంతసేపు పడుతోందో ఇరవై మందికి లెక్కేశాను. ఎక్కువసార్లు ఆరు సెకన్లు. ఎన్నో ఏళ్లుగా నేను పాఠం అనుకుంటున్నది ఆ ఆరు సెకన్లు. మిగతాదంతా మందులు రాయడం, "నెక్స్ట్" అనడం.

ఇక్కడ నా వాదన చెప్పేస్తాను. చర్మవ్యాధులు నేర్పే డాక్టర్లలో పెద్ద లోపం చదువు తక్కువ కావడం కాదు, టైము లేకపోవడం కూడా కాదు. మన వేగమే మన లోపం. కన్ను వేగంగా చేసే పనిని నోటితో నెమ్మదిగా విప్పి చెప్పడం వేరే విద్య. అది ఎండీతో పాటు ఉచితంగా రాదు. దాన్ని విడిగా నేర్చుకోవాలి, అదీ మనల్ని ఎవరో ఒకరు పక్కన కూర్చుని చూస్తే తప్ప రాదు.

మా కన్ను పనిచేసే తీరు అమ్మమ్మ చేటలో బియ్యం ఏరే తీరు. రాయి ఎలా కనిపెట్టావే అని అడిగితే ఆవిడేం చెబుతుంది? "కనిపిస్తుందిగా" అంటుంది. 1991లో బ్రూక్స్, నార్మన్, ఆలెన్ అనే కెనడా పరిశోధకులు చర్మవ్యాధుల ఫొటో స్లైడ్లతోనే ఒక ప్రయోగం చేశారు. ఇంతకుముందు చూసిన దాన్ని పోలిన స్లైడు మళ్లీ కనబడితే డాక్టర్లు సరిగ్గా చెప్పడం పెరిగింది. లక్షణాల లెక్కతో పాటు పాత పోలిక కూడా గట్టిగానే పనిచేస్తుందన్నమాట. దీన్ని పట్టుకుని మా సీనియర్లు కొందరు అంటారు, "చూడగా చూడగా అదే వస్తుందమ్మా, ప్రత్యేకంగా నేర్పేదేముంది?" అని. నిజమే, చాలావరకు వస్తుంది. జబ్బు తన అసలు ముఖంతో వచ్చినన్నాళ్లూ వస్తుంది. ట్యూబు పూసుకుని వచ్చిన రోజున పాత పోలిక మోసం చేస్తుంది. పైగా ఇప్పుడు మన దగ్గర తిరిగే ఫంగస్ కూడా పాతది కాదు. ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని 2020లో పేరు పెట్టారు, పేరులోనే మన దేశం ఉంది. ఇదివరకు రెండు వారాల్లో తగ్గించిన టెర్బినాఫిన్ అనే ఫంగస్ మందు చాలామందిలో దాని మీద పనిచేయడం లేదు. నా పాత పోలికలే నాకు సరిపోని రోజుల్లో పిల్లలకి పోలికలు మాత్రమే ఇచ్చి పంపడం ఏం న్యాయం?

ఇంకో సంగతి. మన పిల్లల బుర్రలో ఉన్న బొమ్మలు చాలావరకు తెల్లతోలు బొమ్మలు. పుస్తకంలో ఎరుపంటే టమాటా ఎరుపు. మన పొలాల్లో పనిచేసే మనిషి వీపు మీద ఎరుపు అలా ఉండదు. గోధుమ రంగులోనో, ఊదాగానో, ఒక్కోసారి చుట్టూ చర్మం కంటే కాస్త నల్లగానో ఉంటుంది. లైకెన్ ప్లానస్ అనే చర్మవ్యాధి వంగపండు రంగులో ఉంటుందని చదివిన కుర్రాడు మన ఒంటి మీద పలకరంగులో ఉన్న పొక్కుల్ని చూసి ఇది అది కాదనుకుంటాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, పగటి వెలుగులో పక్క చర్మంతో పోల్చి, వేలితో తడిమి వేడి చూసి, గాజు స్లైడుతో నొక్కి రంగు పోతుందా లేదా చూసి చెప్పాలి. ఇదంతా నేను రోజూ చేస్తాను. చేస్తున్నానని నాకే తెలియకుండా చేస్తాను కాబట్టి ఎవరికీ చెప్పలేదు.

అందుకని మా ఓపీలో ఒక నియమం పెట్టాను: ముందు వర్ణన, తర్వాతే పేరు. ఎక్కడుంది, ఎన్ని ఉన్నాయి, అంచు ఎలా ఉంది, పైన ఏముంది, తాకితే ఎలా ఉంది. పేరు ముందు చెబితే ఆ రోజు టీ డబ్బులు వాళ్లవే. మొదటి వారం నేనే మూడుసార్లు టీ ఇప్పించాను.

రోజుకి నూట యాభై చీటీలొచ్చే ఓపీలో ఇదెలా కుదురుతుందని అడుగుతారు. అందరికీ కుదరదు. పదిమందిలో ఒక్కరిని ఎంచుకుంటాను, మిగతా తొమ్మిదిమందీ ఎప్పటిలాగే గబగబా వెళ్లిపోతారు. ఆ ఒక్కరి దగ్గర వాడుకునే పద్ధతి 1992లో అమెరికాలో నెహర్ అనే ఫ్యామిలీ మెడిసిన్ డాక్టరూ ఆయన సహచరులూ రాసినది. వన్ మినిట్ ప్రిసెప్టర్ అంటారు. అందులో గొప్ప రహస్యమేమీ లేదు. నువ్వేమనుకుంటున్నావో తేల్చి చెప్పు అంటాం. ఎందుకు అలా అనుకున్నావని అడుగుతాం. మళ్లీ పనికొచ్చే ఒక్క సూత్రం చెబుతాం. బాగా చేసింది ఇదీ అని చూపిస్తాం, తప్పు ఇదీ అని దిద్దుతాం. వింటే ఇంతేనా అనిపిస్తుంది. మొదటి మెట్టు దగ్గరే నేను నెల రోజులు తన్నుకున్నాను.

ఎందుకంటే మన పిల్లలు పేషెంటు కంటే మేడమ్ ముఖాన్ని ఎక్కువ శ్రద్ధగా పరీక్ష చేస్తారు. "సోరియాసిస్..." అని సాగదీస్తూ నా కనుబొమ్మల వైపు చూస్తారు. కనుబొమ్మ లేస్తే "...లాగా ఉంది గానీ కాదు మేడమ్" అని ముగిస్తారు. చిన్నప్పటి నుంచి టీచరు మనసులో జవాబేంటో కనిపెట్టడమే చదువని నేర్పాం కదా, వాళ్ల తప్పేముంది. అమెరికా పుస్తకంలో దీనికి మందు లేదు. నేను కనిపెట్టిన నాటువైద్యం ఏమిటంటే, పాత ఓపీ చీటీలు చింపి తలా ఒక ముక్క ఇవ్వడం. ఎవరికి వాళ్లు పేరు, ఒక్క కారణం రాసి మడిచి నా బల్ల మీద పెట్టాలి. ఆ తర్వాతే నేను నోరు విప్పుతాను. సంతకం అక్కర్లేదు. మొదటిరోజు ఆరు ముక్కలు విప్పితే ఐదు రకాల జబ్బులు. ఆ ఐదింటి చుట్టూ జరిగిన వాదనలో వాళ్లు నేర్చుకున్నంత నా లెక్చర్లలో ఎప్పుడూ నేర్చుకోలేదు.

చేతిపని నేర్పడంలో పేటన్ అనే సర్జన్ పేరుతో నాలుగు మెట్ల పద్ధతి ఒకటుంది. మొదట మాట్లాడకుండా మామూలు వేగంతో చేసి చూపించాలి. రెండోసారి విడమరిచి చెబుతూ చేయాలి. మూడోసారి విద్యార్థి చెబుతూ ఉంటే మనం చేయాలి. నాలుగోసారి వాడే చేయాలి. మనందరం రెండో మెట్టు నుంచి నాలుగో మెట్టుకి దూకేస్తాం. అసలు కిటుకంతా మూడోదాంట్లో ఉంది.

పొన్నూరు నుంచి వచ్చిన హౌస్ సర్జన్ ఒకడికి కేఓహెచ్ పరీక్ష ఇలాగే నేర్పాను. ఫంగస్ ఉందో లేదో చూసే పరీక్ష, పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద చూస్తాం. పేషెంటు మిర్చి యార్డులో బస్తాలు మోసే మనిషి. ఈ బాబుకి నేర్పుతున్నాను, కాస్త ఆలస్యమవుతుంది, రెండుసార్లు గీకాల్సి రావచ్చు, సరేనా అని ముందే అడిగాను. "నేర్పండమ్మా, రేపు మా పిల్లకాయలకి వైద్యం చేసేది ఈళ్లేగా" అన్నాడు. మూడో మెట్టు మొదలైంది. వాడు చెప్పాలి, నేను చేయాలి, వాడు చెప్పనిది చేయకూడదు.

"స్పిరిట్‌తో తుడవండి మేడమ్." తుడిచాను. "బ్లేడుతో మెల్లగా గీకండి." మచ్చ సరిగ్గా మధ్యలో గీకాను. వాడు ఏదో అనబోయి ఆగాడు. స్లైడు మీద పొట్టు వేయించాడు, చుక్క వేయించాడు, కవర్‌స్లిప్ పెట్టించాడు. "ఇప్పుడు చూడండి" అన్నాడు. నేను గడియారం చూసి ఊరుకున్నాను. "అయ్యో, పదిహేను ఇరవై నిమిషాలు ఆగాలి మేడమ్" అన్నాడు. ఆగాం. మైక్రోస్కోపులో చూస్తే తెల్లటి వెలుగు తప్ప ఏమీ లేదు. "కండెన్సర్ కిందికి దించండి, లైటు తగ్గించండి" అన్నాడు, రంగు వేయని ఫంగస్ దారాలు మసక వెలుగులోనే కనబడతాయి కాబట్టి. దించాను. చర్మకణాలు కనిపించాయి గానీ దారాలు లేవు. వాడి ముఖం పాలిపోయింది. ఇంతలో మంచం మీద నుంచి పేషెంటే అన్నాడు: "అమ్మా, ఆ మజ్జన ఏముంటది, ఈ అంచు కాడ గీకండి. జిలంతా ఇక్కడే."

వాడు జన్మలో మర్చిపోడు. ఫంగస్ బయటికి పాకుతుంది కాబట్టి బతికున్నదంతా అంచులో ఉంటుందని నేను లెక్చర్‌లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

పేషెంటు మాట వచ్చింది కాబట్టి భాష గురించి కూడా చెప్పాలి. ప్రభుత్వ కళాశాలల్లో పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటాలో నిండుతాయి. రాజస్థాన్ నుంచి వచ్చిన మా పీజీ ఒకడు పాపం తెలుగు బాగానే కష్టపడి నేర్చుకున్నాడు. ఒకావిడ పిల్లాడి తలలో రూపాయి బిళ్లంత నున్నటి చోటు చూపించి "పేనుకొరుకుడు సార్" అంది. వీడు మాటకి మాట అర్థం చేసుకుని పావుగంట పేలు వెతికాడు. అది అలోపేసియా ఏరియేటా, పేలకీ దానికీ సంబంధం లేదు. శోభి, చిడుము, మంగు, సెగ్గడ్డ, ఆనెకాయ, పులిపిరి, దద్దుర్లు. ఈ మాటలు మన తెలుగు పిల్లలకి మాత్రం వస్తాయా? ఇంగ్లీషు మీడియంలో పెరిగిన గుంటూరు అమ్మాయే ఒకసారి ఛాతీ మీద "ఎర్రటి ప్లేక్", అంటే ఉబ్బెత్తు మచ్చ, అని అద్భుతంగా వర్ణించింది. అది అక్కి. అక్కి లేస్తే ఎర్రమన్ను రాయించుకునే అలవాటు పల్లెల్లో ఇంకా ఉంది. ఆ అమ్మాయి వర్ణించిన ఎరుపు మన్ను. తడిగుడ్డతో తుడిస్తే కింద నీటిపొక్కులు వరసకట్టి కనిపించాయి. ఎరుపు గురించి అంత పాఠం చెప్పిన నాకు ఈ పాఠం చెప్పాలని తట్టలేదు. ఇప్పుడు గోడకి ఒక చార్టు తగిలించాం, పేషెంట్లు వాడే మాటలన్నీ దాని మీద రాస్తున్నాం. సగం మాటలు మా ఆయమ్మ చెప్పినవే.

అన్నిటికంటే నన్ను భయపెట్టింది మాత్రం మోచేతి నరం. కుష్టువ్యాధి మన దేశంలో ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని 2005 చివర్లో ప్రకటించారు. ఆ మాట విని జబ్బే పోయిందనుకునేవాళ్లు డాక్టర్లలోనూ ఉన్నారు. మా ఓపీకి స్పర్శ లేని మచ్చలు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. కుష్టులో నరాలు ఉబ్బుతాయి కాబట్టి మోచేతి దగ్గరి అల్నార్ నరం ఉబ్బిందో లేదో చూడటం ప్రతి పీజీకి రావాలి. మూడో సంవత్సరం కుర్రాడు, రేపో మాపో ఎండీ. ఒకరోజు నేనేమీ మాట్లాడకుండా, సాయం చేయకుండా వెనక నిలబడి చూశాను. పేషెంటు చెయ్యి చాపించి, మోచేతి ఎముక మీద బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి "థికెండ్ మేడమ్" అన్నాడు, అంటే నరం ఉబ్బిందని. అతను నొక్కింది ఎముకని.

మోచెయ్యి కాస్త వంచాలి. లోపలివైపు ఎముక బుడిపె వెనకున్న గాడిలో వేళ్ల చివరలు పెట్టి నరాన్ని అటూ ఇటూ దొర్లించాలి. రెండో చేత్తో పోల్చాలి. అలా చేస్తున్నంతసేపూ పేషెంటు ముఖం చూడాలి, నొప్పి ముందు అక్కడే కనబడుతుంది. అతని వేళ్ల మీద నా వేళ్లు పెట్టి దొర్లించాను. "ఇదా మేడమ్!" అన్నాడు. మూడేళ్లు. కేసు షీట్లలో ఎన్నిసార్లు "థికెండ్" అని రాసుంటాడు, నేను ఎన్నిసార్లు సంతకం పెట్టుంటాను? మేమందరం అతను చెప్పింది విన్నాం. అతను చేసేది ఒక్కరం చూడలేదు.

అతన్ని ఎవరూ చూడలేదు సరే, మరి నన్నెవరు చూశారు? గుంటూరులో వైద్య కళాశాల 1946లో మొదలైంది, విజయవాడలో 1980లో. ఇన్ని దశాబ్దాల్లో ఎంతమంది ప్రొఫెసర్లో. పేషెంటు పక్కన ఎలా నేర్పుతున్నారో ఒక తోటి డాక్టరు కూర్చుని చూసి చెప్పిన సందర్భం ఎంతమందికి ఉంది? "మాకెవరు నేర్పారు, చూసి నేర్చుకున్నాం" అని గర్వంగా చెప్పుకుంటాం. నేనూ చూసే నేర్చుకున్నాను. నేను చదువుకున్న చోట ఒక సారు కేసు తప్పు చెబితే పేషెంటు ముందే "నీకు సీటెవరిచ్చారమ్మా" అనేవారు. నేర్చుకున్నాను కదా, అందుకే "ఇన్నాళ్లూ ఏం చూశావమ్మా" అని అంత సులువుగా వచ్చింది నా నోటికి.

వైద్య కళాశాల టీచర్లకి ఎలా నేర్పాలో చెప్పే బేసిక్ కోర్సు ఉంది కదా అంటారు. ఉంది. ప్రమోషన్ కావాలంటే ఆ సర్టిఫికెట్ ఉండాలి. నేనూ చేశాను, కొన్ని మంచి విషయాలే చెప్పారు. కాకపోతే ఏసీ హాల్లో కూర్చుని, పేషెంటు లేకుండా, పేషెంటు పక్కన ఎలా నేర్పాలో నేర్చుకోవడం ఒడ్డున కూర్చుని కృష్ణ ఈదడం లాంటిది. నాకు కావలసింది ఇంకో సర్టిఫికెట్ కాదు. నెలకోసారి అరగంట, ఓపీ మూలలో ఒక స్టూలు, దాని మీద నోరు మూసుకుని కూర్చునే ఒక మనిషి.

మెడిసిన్ విభాగంలో ఉన్న స్నేహితురాలిని బతిమాలితే వచ్చింది. టెన్షన్‌తో నాకు చెమటలు పట్టాయి, ఎండీ ప్రాక్టికల్స్‌లో కూడా అంత పట్టలేదు. అయ్యాక ఒక కాగితం ఇచ్చింది. పిల్లల్ని ప్రశ్న అడిగి రెండు సెకన్లు కూడా ఆగకుండా జవాబు నువ్వే చెప్పేస్తున్నావ్, పద్నాలుగుసార్లు. ఆ కిటికీ దగ్గరున్న అబ్బాయిని ఒక్క ప్రశ్నా అడగలేదు. ఒకావిడ పైట సర్దుకోకముందే తలుపు తీయించావ్. నర్వ్ చూపించడం మాత్రం చాలా బాగుంది, ఇంకెవరికైనా చెప్పు.

రెండు సెకన్ల సంగతి చదివి నాకు మేరీ బడ్ రో గుర్తొచ్చింది. 1970లలో బడిపిల్లల తరగతుల మీద ఆవిడ చేసిన పరిశోధన. టీచర్లు ప్రశ్న వేసి ఒక సెకను ఆగుతారు, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల పొడవూ నాణ్యతా రెండూ పెరుగుతాయని తేల్చింది. మూడు సెకన్లు ఊరికే ఉండటం ఎంత కష్టమో ప్రయత్నించి చూడండి. నేను బల్ల కింద వేళ్లు లెక్కపెట్టుకుంటున్నాను. మొన్నొక పీజీ నాలుగో సెకనులో మొదటిసారి "నాకు తెలీదు మేడమ్, కానీ తెలుసుకోవాలంటే పక్కచర్మంతో పోల్చి చూస్తాను" అంది. పదేళ్ల కింద అయితే "తెలీదు" దగ్గరే కోసేసి ఉండేదాన్ని.

ఇవన్నీ మావాళ్లకి చెబితే ఒకాయన నవ్వి, "చర్మం డాక్టర్లకి తీరిక ఎక్కువ" అన్నాడు. ఆయన ఓపీకి కూడా స్టూలు పంపిస్తానన్నాను. మాట మార్చాడు.

వచ్చే సోమవారం మా ఓపీలో స్టూలు మీద కూర్చోబోయేది ఆ తామర కేసు అమ్మాయే. నన్ను చూడాలి, రాయాలి, సాయంత్రం టీ దగ్గర చదివి వినిపించాలి. "వద్దు మేడమ్, బాగోదు మేడమ్" అని మూడుసార్లు అంది. నాలుగోసారి కాసేపు ఆలోచించి, "టైమర్ కూడా పెట్టమంటారా మేడమ్?" అని అడిగింది.